దిగిన నేలే శత్రువైనప్పుడు: సైన్స్ ఫిక్షన్‌లో ల్యాండింగ్ సీను రాసే పద్ధతి

వేరే గ్రహం మీద దిగే సీను రాయబోయేవాళ్లు చాలామంది ముందు ఏ జంతువునో, గ్రహాంతరవాసినో వెతుక్కుంటారు. అది కనిపించేదాకా పాఠకుడికి భయం వేయదని వాళ్ల బెంగ. దిగిన చోటు సరిగ్గా కుదిరితే ఇంకెవరూ అక్కర్లేదు. ఆ నేలకు మనిషి మీద పగ ఉండదు, మనిషి వచ్చాడని కూడా దానికి తెలియదు. దాని వేడి, దాని బరువు, దాని వెలుతురు దానివి. అవి మనిషి వేసుకొచ్చిన లెక్కల్ని ఒక్కొక్కటిగా తప్పిస్తూ పోతుంటే పుట్టే భయాన్ని ఎలా రాయాలో చూద్దాం.

ఉదాహరణకు శుక్రగ్రహాన్ని తీసుకుందాం. తెల్లవారుజామున వేగుచుక్కగా మెరిసే ఆ గ్రహం మీద నిజంగానే యంత్రాలు దిగాయి, కాసేపు పనిచేశాయి, ఆగిపోయాయి. ఎంతసేపు నిలిచాయో, దిగాక ఏం జరిగిందో లెక్కలున్నాయి. కథ రాసేవాళ్లకు ఇంతకన్నా మంచి ముడిసరుకు దొరకదు.

ముందు అంకెల కాగితం

ఒక్క వాక్యం కూడా రాయకముందే ఆరు అంకెలు కాగితం మీద పెట్టుకోండి. శుక్రుడికైతే ఇలా ఉంటాయి. వేడి దాదాపు 460 డిగ్రీల సెల్సియస్. వాతావరణ పీడనం భూమి మీద ఉన్నదానికి 90 రెట్లు. గురుత్వం భూమిదాంట్లో పదింట తొమ్మిది వంతులు. నేల దగ్గర గాలి సెకనుకు ఒక మీటరు, అంతకన్నా తక్కువ. వెలుతురు బాగా మబ్బు పట్టిన పగటిలా, నారింజ రంగులో. ఆరోది గడువు. 1982 మార్చి 1న దిగిన సోవియట్ వెనెరా 13ను 32 నిమిషాలు పనిచేస్తే చాలని తయారుచేశారు. అది 127 నిమిషాలు పనిచేసింది.

తర్వాత ప్రతి అంకెనూ ఒంటికి తెలిసే భాషలోకి మార్చాలి. 460 అని రాస్తే పాఠకుడికి ఏమీ తగలదు. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది, జింకు 420కి. రేడియోలు బాగుచేసే షాపులో వాడే టంకం 183కే కారిపోతుంది. అంటే మామూలు సర్క్యూట్ బోర్డును బయట పెడితే దాని పార్టులు ఊడి జారిపోతాయి. ఆ పీడనం సముద్రంలో దాదాపు 900 మీటర్ల లోతులో ఉండేంత. చదరపు సెంటీమీటరుకు 90 కిలోలకు పైగా. గురుత్వం మాత్రం మనకు అలవాటైనదే. కాళ్లకు ఇంట్లో నిలబడినట్టే ఉంటుంది, మిగతా ఏదీ ఇల్లులా ఉండదు. రచయితలు పట్టించుకోకుండా వదిలేసేది ఈ అంకెనే, నిజానికి మూడ్‌కు ఎక్కువ పనికొచ్చేదీ ఇదే.

గాలి అంకెను కూడా తొందరపడి వాడకూడదు. సెకనుకు ఒక మీటరంటే మన దగ్గర ఆకు కూడా సరిగ్గా కదలదు. కానీ అక్కడి గాలి మన గాలికన్నా యాభై రెట్లకు పైగా చిక్కన. ఆ ఒక్క మీటరు గాలి, ఇక్కడ సెకనుకు ఏడు మీటర్ల గాలి తోసినంత తోస్తుంది. హోరు లేకుండా తోపు ఉంటుంది. "ఈదురుగాలి" అని రాసేస్తే ఈ వింత మొత్తం పోతుంది.

మాటల దగ్గర జాగ్రత్త

వేడికి తెలుగులో చాలా మాటలున్నాయి, ఒక్కోదానికి ఒక్కో తావు ఉంది. శుక్రుడి మీద "ఎండ" అనకూడదు, సూర్యబింబం అసలు కనిపించదు. "సెగ" కూడా కుదరదు, సెగ అంటే ఒక వైపు నుంచి తగిలేది. అక్కడ పైనా కిందా పక్కలా ఒకటే వేడి, కుమ్మరి ఆవంలో కుండకు ఉన్నట్టు. "రోళ్లు పగిలే రోహిణీ కార్తె" అనే పోలిక చేతికి వెంటనే అందుతుంది, కానీ అది కథకు చేటు చేస్తుంది. రోహిణి ఎండకు సాయంత్రం ఉంది, ఆ మాట వినగానే పాఠకుడికి మంచినీళ్ల కుండ, ఆరుబయట మంచం గుర్తొస్తాయి. శుక్రుడి మీద ఒక పగలూ రాత్రీ కలిసి దాదాపు 117 భూమి రోజులు, రాత్రి పడ్డా వేడి తగ్గదు. ఊరట గుర్తుచేసే పోలిక ఏదైనా ఇక్కడ కొట్టేయాల్సిందే.

ఇంకో తప్పు ఆమ్ల వర్షం. గంధకామ్లపు మబ్బులు ఉన్నమాట నిజమే, కానీ అవి సుమారు 48 నుంచి 70 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. చినుకులు నేలకు చేరకముందే ఆవిరైపోతాయి. నౌక కిటికీ మీద ఆమ్లం టపటపా పడుతోందని రాస్తే తెలిసిన పాఠకుడు అక్కడే పుస్తకం మూసేస్తాడు. తెలియని పాఠకుడికి కూడా నష్టమే. చినుకు కూడా చేరలేని నేల అన్న భావం వాన కన్నా ఎక్కువ గుబులు పుట్టిస్తుంది.

దిగడం

అక్కడ దిగడం మనం అనుకున్నట్టు ఉండదు. వెనెరా 13 దాదాపు 47 కిలోమీటర్ల ఎత్తులోనే పారాచూట్‌ను వదిలేసింది. గాలి అంత చిక్కన కాబట్టి చుట్టూ ఉన్న ఒక పళ్లెంలాంటి రేకే దాన్ని నిలువరించింది. పారాచూట్‌తో నెమ్మదిగా దిగితే దారిలోనే వేడెక్కిపోతుంది, అందుకే తొందర. అలా పడుతూ సెకనుకు ఏడెనిమిది మీటర్ల వేగంతో నేలను తాకింది. పారాచూట్ తెంచేసుకున్నాక కూడా నేల ఇంకా చాలాసేపు రాదు: ఈ ఒక్క సంగతితో ఒకటిన్నర పేజీ నడపొచ్చు.

మధ్యలో పెట్టడానికి ఇంకో నిజం ఉంది. 1978లో అమెరికా పంపిన పయనీర్ వీనస్ నాలుగు ప్రోబ్‌లు వేర్వేరు చోట్ల దిగాయి. నాలుగింటి బయటి ఉష్ణోగ్రత సెన్సర్లూ దాదాపు 12 కిలోమీటర్ల ఎత్తుకు రాగానే పనిచేయడం మానేశాయి. మీ నౌక 13 కిలోమీటర్ల దగ్గర ఉండగా ఎవరో ఒకరి చేత ఈ మాట అనిపించండి. తర్వాతి పేరాలో ఏమీ జరగకపోయినా సరే, పాఠకుడు 12 కోసం ఎదురుచూస్తూనే ఉంటాడు.

30 డిగ్రీల మెట్టు

వెనెరా యంత్రాలను దిగకముందే బాగా చల్లబరిచేవారు. టైటానియం గోళం చుట్టూ ఇన్సులేషన్, లోపల వేడిని పీల్చుకోవడానికి లిథియం నైట్రేట్ ట్రైహైడ్రేట్ అనే ఉప్పు. ఇది దాదాపు 30 డిగ్రీలకు కరుగుతుంది. మంచుముక్క పూర్తిగా కరిగేదాకా గ్లాసులో నీళ్లు చల్లగానే ఉన్నట్టు, ఆ ఉప్పు కరుగుతున్నంతసేపూ లోపలికి వస్తున్న వేడి దానికే పోతుంది, ముల్లు 30 దగ్గరే ఆగుతుంది. ఉప్పు అయిపోయాక మళ్లీ ఎక్కడం మొదలుపెడుతుంది.

కథకు కావలసిన కట్టడం ఇందులోనే ఉంది: ఎక్కడం, ఆగడం, ఆగినందుకు ధీమా, మళ్లీ ఎక్కడం. ఉప్పు గురించి ప్రయాణం మొదట్లోనే, ఏ సామాన్లు సర్దే సందర్భంలోనో, రెండు వాక్యాల్లో చెప్పేయండి. దిగాక మళ్లీ వివరించకండి. మొదటి ముసాయిదాలు ఎక్కువగా ఇలా ఉంటాయి:

"ఆ భయంకరమైన గ్రహం మీద నౌక దిగింది. చుట్టూ నరకంలా ఉంది. ఒళ్లు గగుర్పొడిచే నిశ్శబ్దం. లోపల వేడి క్షణక్షణానికీ పెరిగిపోతోంది."

అదే చోటును అంకె మీద నిలబెడితే:

"బయట పెనం రంగు పలకరాళ్లు. దేనికీ సరైన నీడ లేదు. మాధవి కిటికీ నుంచి తల తిప్పకుండానే అడిగింది.
'ఎంత?'
'ముప్పై, మేడమ్.'
రాతిపొడి గొట్టంలోకి వచ్చింది. మూత బిగుసుకోవడం అరికాళ్లకు తెలిసింది.
'ఎంత?'
'ముప్పై, మేడమ్.'
ఆమె నీళ్ల సీసా అందుకుంది. మూత సగం తిప్పిందో లేదో సుధీర్ అన్నాడు.
'ముప్పై ఒకటి.'
సీసా మూత మళ్లీ బిగించింది."

మూడోసారి ఆమె అడగలేదు, అతనే చెప్పాడు. "మేడమ్" జారిపోయింది. తెలుగులో రాసేవాళ్లకు ఉన్న పెద్ద సౌకర్యం ఇది. మీరు, నువ్వు, గారు, మేడమ్, అన్నా లాంటి మాటల్లో ఒక్కటి తప్పినా గదిలో ఏదో మారిందని పాఠకుడి చెవి పట్టేస్తుంది. కాకపోతే సీను మొత్తంలో ఒక్కసారే వాడాలి. ప్రతి పేజీలో మర్యాద తప్పిస్తే అది వాళ్ల స్వభావం అయిపోతుంది.

నిడివి లెక్క

127 నిమిషాలను పేజీల మీద సమంగా పరచకండి. మూడు వేల మాటల కథలో మొదటి గంటకు ఐదారు వందల మాటలు చాలు, మెట్టు మీద నిలిచిన కాలానికి ఇంకో ఎనిమిది వందలు. చివరి పది నిమిషాలకు వెయ్యికి తగ్గకుండా ఇవ్వండి. ఆ భాగంలో "చూస్తూ, తిప్పుతూ, అడుగుతూ" అని అసమాపక క్రియలు గొలుసుకట్టుగా వస్తే వేగం చస్తుంది. ముగిసిన క్రియలు వాడండి: చూసింది. తిప్పింది. ఆగింది.

చెడిపోవడానికి చిన్న పార్టు

ఇంజిన్ పేలిపోవడం కన్నా మూత ఊడకపోవడం ఎక్కువ భయపెడుతుంది. వెనెరా 9, 10లకు రెండేసి కెమెరాలుంటే, రెండింటిలోనూ ఒక్కో కెమెరా మూత ఊడలేదు. వెనెరా 11, 12ల మూతలు ఏవీ ఊడలేదు, అంత దూరం వెళ్లి ఒక్క ఫొటో కూడా లేదు. వెనెరా 14కు మూతలు చక్కగా ఊడాయి. నేల ఎంత గట్టిగా ఉందో కొలవాల్సిన స్ప్రింగు చెయ్యి సరిగ్గా ఊడిపడ్డ ఒక మూత మీదకే దిగింది.

మీ కథలో కూడా ఒక్క పార్టునే ఎంచుకుని మూడుసార్లు చూపించండి: మొదట మామూలుగా, రెండోసారి ఇబ్బందిగా, మూడోసారి ప్రాణం మీదకు వచ్చేలా. మూడుసార్లూ కారణం అంకెల కాగితంలోనే ఉండాలి. మొదటిది వేడి వల్ల, రెండోది గాలి వల్ల, మూడోది ఎవరి పొరపాటు వల్లో అయితే చోటు శత్రువుగా నిలబడదు, ఉత్త దురదృష్టం అనిపిస్తుంది.

వేరే నేల ఎంచుకుంటే

పద్ధతి అదే, మూడ్ మారుతుంది. చంద్రుడి మీద గాలి లేదు కాబట్టి చప్పుడుకు దారి లేదు. కరకర, గరగర లాంటి మాటలన్నీ బూటు అడుగు నుంచి ఎముకకు తెలిసేవిగానే రావాలి. శ్రీహరికోట నుంచి వెళ్లిన చంద్రయాన్-3 దక్షిణ ధ్రువ ప్రాంతంలో 2023 ఆగస్టులో నేలలోకి గుచ్చి కొలిస్తే పైన సుమారు 50 డిగ్రీలు, ఎనిమిది సెంటీమీటర్ల లోతున మైనస్ 10 చూపించింది. జానెడు కూడా లేని లోతులో అంత తేడా ఉందంటే అక్కడి భయాన్ని పాదం కింద పెట్టాలి. దిగిన నాలుగు రోజులకు ప్రజ్ఞాన్ రోవర్‌కు మూడు మీటర్ల ముందు నాలుగు మీటర్ల వెడల్పు గొయ్యి ఎదురైతే వెనక్కి తిప్పారు. అలాంటి నేల మీద ప్రతి అడుగూ అనుమానంతో పడాలి.

శనిగ్రహపు చందమామ టైటన్ అయితే ఇంకోలా ఉంటుంది. మైనస్ 179 డిగ్రీలు, గురుత్వం భూమిదాంట్లో ఏడో వంతు, గాలి మనకన్నా చిక్కన. మీథేన్ చినుకులు పడితే మనిషి నడిచే వేగంతో మెల్లగా దిగుతాయి. ఆ చోటు తొందరపెట్టదు, తాత్సారం చేయిస్తుంది. అక్కడ గడియారం కన్నా బద్ధకాన్ని శత్రువుగా పెట్టడం మేలు.

ముగింపుకు కూడా టైటన్ ఒక దారి చూపిస్తుంది. 2005 జనవరి 14న దిగిన హైగెన్స్ ప్రోబ్ నేల మీద నుంచి గంటకు పైగా కబుర్లు పంపింది. వాటిని అందుకుంటున్న కాసినీ నౌక దిగంతం కిందికి వెళ్లిపోయింది. ప్రోబ్ అప్పటికి పోలేదు, దాని సన్నటి రేడియో సంకేతం భూమి మీది పెద్ద టెలిస్కోపులకు ఇంకా అందుతూనే ఉంది, అందులోని సమాచారం మాత్రం చదవడానికి వీల్లేదు. మీ పాత్ర చావుతోనే కథ ఆపాలన్న నియమం లేదు. వినే నౌక కొండ చాటుకు వెళ్లేదాకా రాసి, ఆ తర్వాత పాత్ర మాట్లాడే ఒక్క వాక్యం పెట్టి అక్కడ ఆపండి.