ఎగ్జిట్ రాకముందే ఇంట్లో తేల్చుకోవాల్సిన లెక్క

కొత్త కంపెనీల్లో పెట్టుబడి పెట్టే మనలాంటివాళ్లకి వెంచర్ ఫండ్ అంటే మామూలుగా పదేళ్ల వ్యవహారం. పోయే కంపెనీలు ముందే పోతాయి, నిలబడేవి తేలడానికి ఏళ్లు పడుతుంది, చివరికి ఏదో ఒకటి షేర్ మార్కెట్లో లిస్టయి ఫండ్ తన వాటా అమ్ముకుంటే (అదే ఎగ్జిట్), క్యారీ రూపంలో, అంటే ఆ లాభంలో మన వంతుగా, పెద్ద మొత్తం ఒక్కసారిగా వచ్చి పడుతుంది. అది అకౌంట్లో పడ్డాక 'మనకి ఎంత చాలు' అని కూర్చుంటే ఆ అంకె నెలనెలా పెరుగుతూనే ఉంటుంది. అందుకే డబ్బు ఇంకా కాగితం మీద ఉన్నప్పుడే తేల్చుకోండి.

భార్యాభర్తలు విడివిడిగా రాయండి: ఇల్లు, పిల్లల చదువు, పెద్దవాళ్ల వైద్యం, మన ముసలితనం, అన్నిటికీ కలిపి ఎంత? రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే తేడా కనబడుతుంది, ఆ తేడా మీద మాట్లాడుకోవడమే అసలు పని, ఒక్క రాత్రిలో తేలకపోయినా పర్లేదు. ఆ పైన వచ్చేదాంట్లో ఎంత శాతం దానంగా ఇచ్చేస్తారో కూడా అక్కడే రాసేయండి. 2010లో బఫెట్, గేట్స్ దంపతులు మొదలుపెట్టిన గివింగ్ ప్లెడ్జ్‌లో కూడా ఆస్తిలో సగానికి పైగా దానం ఇస్తామన్న మాటే ఉంది తప్ప చట్టం బలం లేదు. మీ కాగితానికీ ఉండదు, కాబట్టి 'ఏమైంది?' అని అడిగే మనిషి ఇంట్లోనే ఉండాలి.

ఎప్పుడివ్వాలంటే, బతికుండగానే అంటాను. డ్యూటీ ఫ్రీ షాపులతో సంపాదించిన చక్ ఫీనీ 1982లో అట్లాంటిక్ ఫిలాంత్రపీస్ పెట్టి, చాలాకాలం పేరు బయటికి రానివ్వకుండా 800 కోట్ల డాలర్ల పైనే ఇచ్చేసి, 2020లో ఆ సంస్థనే మూసేశారు. ఉండి ఇస్తే డబ్బు ఏం చేసిందో కళ్లారా చూడొచ్చు, దారి మార్చుకోవచ్చు.

మన వృత్తి అలవాట్లలో రెండు ఇక్కడ బాగా పనికొస్తాయి: మనిషిని చూసి ఇవ్వడం, రెండో విడతకి ముందే కొంత పక్కన పెట్టుకోవడం. ఇవ్వదలుచుకోకపోతే ఆ మాట వారంలోపే చెప్పేయండి, నెలలు తిప్పించుకోకండి. నెలనెలా మెట్రిక్స్, అంటే పనితీరు అంకెలు, అడిగే జబ్బు మాత్రం ఆఫీసులోనే వదిలేయండి. చిన్న సేవాసంస్థలో పాఠం చెప్పేదీ, లెక్కలు రాసేదీ ఒకే మనిషి అయి ఉండొచ్చు, మీ ఎక్సెల్ షీట్ నింపడానికి ఆవిడ రెండు రోజులు కూర్చుంటే పిల్లలకి ఆ రెండు రోజులూ పాఠం ఉండదు. వేరేవాళ్లకి ఇప్పటికే పంపిన ఆడిట్ రిపోర్ట్ అడిగి చదువుకోండి చాలు. డబ్బుకి షరతులు పెట్టకండి, జీతాలకీ అద్దెకీ వాడుకోనివ్వండి. అమెజాన్ వ్యవస్థాపకుడు జెఫ్ బెజోస్ మాజీ భార్య మెకెంజీ స్కాట్ వందల కోట్ల డాలర్లు అలాగే ఇచ్చారు.

పిల్లలకి ఏటా కొంత మొత్తం చేతికిచ్చి ఎవరికివ్వాలో వాళ్లనే తేల్చుకోమనండి. వాళ్లు ఎంచుకున్నది మీకు నచ్చకపోయినా అడ్డు చెప్పొద్దు, అది కష్టమే. మీవాడు తయారుచేసిన ఆట చూపిస్తే 'ఇలాంటిది ఇంకెవరూ చేయలేదా?' అని, పెట్టుబడి అడగడానికి వచ్చినవాళ్లకి వేసే పిచ్ మీటింగ్ ప్రశ్న వేయకండి, కూర్చుని ఆడండి.

ఇక మనం మారడం గురించి. బెస్సెమర్ వెంచర్ పార్ట్‌నర్స్ వాళ్లు తాము పెట్టుబడి పెట్టకుండా వదులుకున్న కంపెనీల జాబితాని, గూగుల్, యాపిల్‌తో సహా, యాంటీ పోర్ట్‌ఫోలియో పేరుతో అందరికీ కనబడేలా పెట్టారు. అలాంటిదే ఇంటికీ ఒకటి పెట్టుకోండి: 'ఈసారి కుదరదు' అని ఇంట్లో దేనికి అన్నారో, ఆరోజు దాని బదులు ఏం చేశారో, ఒక్కో లైను. ఏడాది చివర్లో ఇంట్లోవాళ్లకి చూపించండి, మీరు మర్చిపోయినవి వాళ్లే కలుపుతారు.