ఓటర్ల జాబితా పని: జిల్లా కమిటీ చేతిలో ఉండాల్సిన పద్ధతి

2014, 2019, 2024 అసెంబ్లీ ఎన్నికల్లో కాంగ్రెస్‌కు ఆంధ్రప్రదేశ్‌లో ఒక్క సీటూ రాలేదు. అయినా గుర్తింపు పొందిన జాతీయ పార్టీ కాబట్టి ప్రతి పోలింగ్ బూత్‌కూ ఒక బూత్ లెవల్ ఏజెంట్‌ను (బీఎల్ఏ) పెట్టుకునే హక్కు, ఓటర్ల జాబితా కాపీ ఉచితంగా తీసుకునే హక్కు ఉన్నాయి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఈ హక్కు ఎక్కువగా కాగితం మీదే ఉండిపోతోంది. పేదల పక్షం అని చెప్పుకునే ఏ పార్టీకైనా ఇది మొదటి పని కావాలి. ఎందుకంటే జాబితాలోంచి ముందుగా జారిపోయేది పేదవాళ్ల పేర్లే.

ఎవరు ఎవరితో మాట్లాడాలో ముందు తేల్చుకోండి. బూత్ ఏజెంట్ మాట్లాడాల్సింది ఎన్నికల సంఘం తరఫున ఆ బూత్ జాబితా చూసే బూత్ లెవల్ అధికారితో (బీఎల్ఓ). ఆ బీఎల్ఓ మన ఊళ్లలో సచివాలయం ఉద్యోగో అంగన్‌వాడీ టీచరో అయి ఉంటారు. మండల కమిటీ తహసీల్దార్‌ను కలవాలి. జిల్లా కమిటీ నియోజకవర్గ ఎన్నికల నమోదు అధికారిని, అవసరమైతే కలెక్టర్‌ను కలవాలి. రాష్ట్ర కమిటీ వెళ్లాల్సింది ప్రధాన ఎన్నికల అధికారి దగ్గరికి. మండలంలో తేలాల్సిన విషయాన్ని నేరుగా విజయవాడకు పంపితే అది తిరిగి మండలానికే వస్తుంది, ఈలోగా గడువు దాటిపోతుంది.

నియామకానికి రెండు పత్రాలు కావాలి. ఏజెంట్లను వేసే అధికారం ఎవరికుందో పార్టీ తెలిపేది బీఎల్ఏ-1. ఆ అధికారం ఉన్నవారు ఒక్కో బూత్‌కు ఒక మనిషిని పేరు పెట్టి నియమించేది బీఎల్ఏ-2. మొదటిది నమోదు అధికారికి చేరకుండా రెండోదాన్ని ఎన్ని కట్టలు ఇచ్చినా చెల్లదు. ఏజెంట్‌గా ప్రభుత్వ ఉద్యోగి పనికిరాడు. వీలైనంతవరకు అదే బూత్ ఓటరు కావాలి. పార్టీ ఆఫీసులో కూర్చుని ఒక్క సాయంత్రంలో నింపేసిన పేర్లలో సగం మందికి తాము ఏజెంట్లమన్న సంగతే తెలియదు. పత్రం మీద సంతకం వాళ్ల ఇంటి దగ్గరే పెట్టించండి. ఊరికీ కాలనీకీ కలిపి ఒకే బూత్ ఉంటే కాలనీ మనిషినే పెట్టడం మేలు. ఊళ్లో ఉండే ఏజెంట్ కాలనీ గడప తొక్కడం తక్కువ.

ఇక అసలు పని. జాబితాలో పేజీకి 30 పేర్లుంటాయి. 1,200 మంది ఓటర్లున్న బూత్‌కు 40 పేజీలు. ఎనిమిది మంది ఉంటే మనిషికి ఐదు పేజీలు, అంటే 150 పేర్లు. రెండు ఆదివారాల్లో ఇల్లిల్లూ తిరిగి రావచ్చు. పేరు పక్కన పెన్సిల్‌తో ఒక్క అక్షరం చాలు: చనిపోతే ‘చ’, ఊరు విడిచి వెళ్లిపోతే ‘వ’, తప్పులుంటే ‘త’. కొత్తవాళ్ల పేర్లు పేజీ వెనక రాయాలి. పేరొక్కటే చూసి గుర్తు పెట్టొద్దు. ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవాళ్లు ఒకే వీధిలో ముగ్గురుంటారు. తండ్రి లేదా భర్త పేరు, వయసు, కార్డు నంబరు మూడూ సరిపోవాలి.

‘వ’ రాసేముందు ఆగండి. ఉదయగిరి, కనిగిరి మెట్ట ప్రాంతాల నుంచి హైదరాబాద్, బెంగళూరు పనులకు వెళ్లినవాళ్లు పండక్కి తిరిగొస్తారు. తాత్కాలికంగా ఊళ్లో లేనంత మాత్రాన నివాసం పోదని 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్ చెబుతోంది. తాళం వేసి ఉంటే పక్కింట్లో ఫోన్ నంబరు తీసుకుని మాట్లాడాకే గుర్తు పెట్టండి.

కొత్త పేరుకు ఫారం-6, తొలగింపుకు ఫారం-7, చిరునామా మార్పుకూ తప్పుల సవరణకూ ఫారం-8. అర్హత తేదీలు ఏడాదికి నాలుగు: జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ ఒకటో తారీఖులు. ఓటర్ల జాబితా మామూలు సవరణ కాలంలో ఏజెంట్ రోజుకు పది ఫారాలకు మించి ఇవ్వకూడదు. ఆ కాలమంతా కలిపి 30 దాటితే అధికారులు మళ్లీ స్వయంగా తనిఖీ చేస్తారు. వివరాలు తానే సరిచూశానని ఏజెంట్ రాసివ్వాలి. అబద్ధమని తేలితే ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. ఫారం-7 విషయంలో మరీ జాగ్రత్త. 2019 ఎన్నికల ముందు రాష్ట్రంలో ఇవి మూటలు మూటలుగా పడి పోలీసు కేసుల దాకా వెళ్లాయి. ఎదుటి పార్టీ ఓట్లు తీయించే పనికి మన కార్యకర్త చేయి కలపకూడదు.

నెల్లూరు జిల్లాలో యానాది గిరిజన కుటుంబాల సంగతి ప్రత్యేకంగా చూడాలి. చేపల, రొయ్యల గుంటల కాపలాకు గుంట గట్టు మీదే కాపురముంటారు. డోర్ నంబరుండదు, కరెంటు బిల్లుండదు. అందుకని ఫారం తీసుకోకుండా పంపేయడం మామూలైపోయింది. కానీ ఇల్లు లేనివారికి చిరునామా పత్రం తప్పనిసరి కాదు. రాసిచ్చిన చోటుకి బీఎల్ఓ రాత్రిపూట వెళ్లి, అక్కడే పడుకుంటున్నారని చూస్తే చాలు. ఫారంలో ‘ఫలానా చెరువు తూర్పు గట్టు’ అని గుర్తు రాయండి, బీఎల్ఓ వెళ్లే రాత్రి ఏజెంట్ కూడా వెంట వెళ్లాలి. తోడు లేకపోతే చీకట్లో ఆ గట్టు దొరకక ‘ఇక్కడ లేరు’ అని రాసి వెనక్కి వస్తారు.

ప్రతి ఫారానికీ రసీదు తీసుకుని నంబరు నోటుపుస్తకంలో రాయాలి. సవరణ కాలంలో వచ్చిన దరఖాస్తుల, అభ్యంతరాల జాబితాలను నమోదు అధికారి పార్టీలకు వారం వారం ఇస్తారు. అడిగి తెచ్చుకుని, తొలగింపు కోరిన పేర్లను ఆ రోజే సంబంధిత ఏజెంట్‌కు పంపండి. నోటీసివ్వకుండా, మాట వినకుండా పేరు తీసే వీల్లేదు కాబట్టి విచారణకు ఓటరును వెంటబెట్టుకుని వెళ్లాలి. ఉత్తర్వు వ్యతిరేకంగా వస్తే 15 రోజుల్లో కలెక్టర్‌కు, అక్కడా కాకపోతే 30 రోజుల్లో ప్రధాన ఎన్నికల అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. రాష్ట్ర కమిటీకి పంపాల్సింది ఇలా ఆగిపోయిన కేసులే, రసీదు నంబరుతో సహా.

జిల్లా కమిటీ నెలవారీ సమావేశంలో మండలానికి మూడు అంకెలు చాలు: పనిచేస్తున్న ఏజెంట్లెందరు, ఇచ్చిన ఫారాలెన్ని, తేలనివెన్ని. నామినేషన్ల చివరి గడువు దాటాక ఆ ఎన్నికకు జాబితాలో ఏ మార్పూ జరగదు. అందుకే మధ్యలో పని ఆగకుండా, ఏజెంట్ మారినప్పుడు గుర్తులు పెట్టిన జాబితా, రసీదుల పుస్తకం మండల కమిటీ చేతి మీదుగా కొత్తవారికి అందాలి.