క్రిస్మస్ హాంగి: మట్టి కప్పే దగ్గరే అసలు పని

న్యూజిలాండ్‌లో క్రిస్మస్ నడి వేసవి పండుగ. పోహుతుకావా చెట్లు ఎర్రగా పూసే ఆ రోజుల్లో గుంత తవ్వి హాంగి, అంటే కాల్చిన రాళ్ల ఆవిరిలో మట్టి కప్పి ఉడికించే విందు, వండటం చాలా మావోరీ (అక్కడి మూలవాసుల) కుటుంబాల్లో ఆనవాయితీ. ఎండల కాలం కనుక మీ ప్రాంతంలో బయట మంట వేయడంపై నిషేధం ఉందేమో ముందే కనుక్కోండి.

గుంత మోకాలి లోతు చాలు. కట్టెలు మానుకా అనే గట్టి చెట్టువైతే మేలు. రాళ్లు అగ్నిపర్వత శిలలు. ఏటి రాళ్లయితే లోపలి తడికి పేలి ముక్కలు ఎగురుతాయి. ఇనుప తీగల బుట్టల్లో క్యాబేజీ ఆకులు పరచి అడుగున మాంసం, పైన బంగాళాదుంపలు, గుమ్మడి, కూమరా అనే చిలగడదుంపలు సర్దండి. అల్యూమినియం రేకు చుట్టకండి. రాళ్లు రెండు మూడు గంటలు కాలాలి. ఇంతవరకు ఎవరైనా చేస్తారు.

వంట చెడేది ఆ తర్వాతి ఐదు నిమిషాల్లో. నిప్పులన్నీ పారతో ఎత్తి పోయాలి. ఒక్క కొరివి మిగిలినా తిండికి పొగచేదు పడుతుంది. అలాగని తీరిగ్గా ఏరుతూ కూర్చుంటే రాళ్లు చల్లారతాయి. అందుకే తడిపిన గుడ్డలు, గోనెలు, పారలు గట్టున సిద్ధంగా ఉండాలి; ఎవరి పని ఏమిటో ముందే చెప్పాలి. రాళ్ల మీద నీళ్లు చల్లి, బుస్సుమని ఆవిరి లేవగానే బుట్టలు దించండి. వాటి మీద తడి నూలుగుడ్డ, ఆపైన తడి గోనెలు, చివరగా మట్టి. గోనెలు గుంత అంచు దాటి జానెడైనా పరుచుకోవాలి. మొదటిసారి నేను పొట్టి గోనెలు వేశాను. ఆ పూట ఇంటిల్లిపాదీ ఇసుక నమిలారు.

ఇక ఆవిరి ఎక్కడ లేస్తే అక్కడ మట్టి వేయండి. నేను కుర్చీ వేసుకుని పక్కనే కూర్చుంటాను. మూడు గంటలదాకా తెరవవద్దు. ఉడికిందో లేదో చూద్దామని మధ్యలో తీస్తే పోయిన వేడి మళ్లీ రాదు, పచ్చి కోడి మిగులుతుంది. గ్యాసుతో నడిచే స్టీలు పెట్టెలూ అమ్ముతారు. కుడుములకు బాగుంటాయి, మట్టి వాసన మాత్రం రాదు.

చలికాలంలో వచ్చే మతారికి పండుగకూ ఇదే పద్ధతి. కట్టెలు తడవకుండా చూసుకోండి. మతారికి అంటే మన కృత్తికలే. 2022 నుంచి ఆ పండుగకు దేశమంతా సెలవు. అప్పుడు తెల్లవారుజామున వండిన ఆహారపు ఆవిరిని నక్షత్రాలకు నైవేద్యంగా వదులుతారు. ఆవిరిని వదిలేయడానికి నేను ఒప్పుకునే సందర్భం అదొక్కటే.

బుట్టలు పైకి తీశాక కరాకియా, అంటే ప్రార్థన చెబుతారు. అది ముగిసేవరకు బుట్టలో చెయ్యి పెట్టకండి. ఎలాగూ కాలుతుంది.