ముందు ఫిల్టర్, ఆ తర్వాతే చేపలు: పెద్ద అక్వేరియంలోకి మార్చే పద్ధతి

రెండడుగుల ట్యాంకు నుంచి మూడడుగుల ట్యాంకులోకి చేపలను మార్చిన రోజు ఏమీ కాదు. హుషారుగా తిరుగుతాయి, మేత తింటాయి. మూడో నాలుగో రోజు నుంచి ఒక్కొక్కటే పైకొచ్చి నోరు తెరుస్తుంది, వారం తిరిగేలోగా తేలుతుంది. అందరూ కొత్త నీళ్లు పడలేదంటారు. చాలాసార్లు అసలు కారణం ఫిల్టరే.

చేపల విసర్జన నుంచి, మిగిలిపోయిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. దాన్ని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ చేపకు విషం. మూడోది కొంత పెరిగినా తట్టుకుంటుంది. ఈ బ్యాక్టీరియా ఉండేది ఫిల్టర్‌లోని స్పాంజిలో, సిరామిక్ రింగుల మీద, అడుగున గులకరాళ్ల మీద. నీళ్లలో ఉండేది బహు తక్కువ. పాత నీళ్లన్నీ బకెట్లతో మోసి, స్పాంజిని మాత్రం నల్లా కింద తెల్లగా పిండి పెట్టేవాళ్లు అక్కరలేనిది దాచుకుని అక్కరున్నది పారబోస్తున్నట్టే.

మన దగ్గర ఇంకో చిక్కుంది. వరంగల్, హనుమకొండ చుట్టుపక్కల బోరు నీళ్లు చాలాచోట్ల గట్టివి, పీహెచ్ (నీళ్లు ఆమ్లమో క్షారమో చెప్పే కొలత) 8 దగ్గర ఉండటం మామూలే. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగం దాదాపు పదింతలవుతుంది. వేడి పెరిగితే ఇంకా ఎక్కువ. పీహెచ్ తక్కువున్న నీళ్లలో చేప తట్టుకునే అమ్మోనియాయే ఇక్కడ దాన్ని చంపుతుంది. అందుకే ఏప్రిల్, మే నెలల్లో ఈ పని పెట్టుకోకపోవడం మంచిది. వానలు పడ్డాకో, చలి మొదలయ్యే ముందో చూసుకోండి.

ట్యాంకు పెట్టే చోటు

3 × 1.5 × 1.5 అడుగుల ట్యాంకులో అంచు దాకా పోస్తే సుమారు 190 లీటర్లు పడతాయి. అద్దం, రాళ్లు కలిపితే రెండు క్వింటాళ్లు దాటుతుంది. టీవీ స్టాండు, చెక్క టీపాయ్ ఈ బరువుకు ఆగవు. ఇనుప యాంగిల్ స్టాండు చేయించి, దాని మీద ప్లైవుడ్, ఆపైన అరంగుళం థర్మాకోల్ షీటు వేయాలి. ప్లైవుడ్ మీద ఇసుక రేణువు ఉన్నా ఆ ఒక్కచోటే ఒత్తిడి పడి అడుగు అద్దం చీలుతుంది. థర్మాకోల్ వేసేది దానికే. మేస్త్రీలు వాడే రసమట్టం పెట్టి నాలుగు మూలలూ చూడండి. తేడా ఉంటే స్టాండు కాళ్ల కిందే సరిచేయాలి, ట్యాంకు కింద అట్టముక్కలు దోపొద్దు.

షాపులో కొత్తగా అతికించిన ట్యాంకైతే వెనిగర్ వాసన పూర్తిగా పోయేదాకా ఆగండి, వారం పట్టొచ్చు. తర్వాత నిండా నీళ్లు పోసి 48 గంటలు ఉంచాలి. అంచుల కింద పాత న్యూస్‌పేపర్ పరిస్తే చిన్న చెమ్మ అయినా తెలిసిపోతుంది. ఆ నీళ్లు పారబోయాలి.

నీళ్లు

నల్లా నీళ్లయినా, మిషన్ భగీరథ నీళ్లయినా క్లోరిన్ ఉంటుంది. అది చేప మొప్పలను కాల్చేస్తుంది, ఫిల్టర్‌లోని బ్యాక్టీరియానూ చంపుతుంది. యాంటీ క్లోరిన్ చుక్కలు సీసా మీద రాసిన లెక్కన వేయండి, లేదా డ్రమ్ములో పట్టి ఎయిర్ పంపు పెట్టి 24 గంటలు ఉంచండి. బోరు నీళ్లకు క్లోరిన్ బెడద లేదు గానీ, భూమి లోపల కలిసిన కార్బన్ డయాక్సైడ్ గాలి తగిలాక పోతుంది, పీహెచ్ పైకి లేస్తుంది. కాబట్టి వాటినీ ఒక రోజు గాలి ఆడించాకే కొలవాలి. ఉత్త ఆర్వో నీళ్లు పోయొద్దు, వాటిలో లవణాలు ఉండవు, పీహెచ్ నిలకడగా ఉండదు. ఎండాకాలం మధ్యాహ్నం సింటెక్స్ నీళ్లు నేరుగా పడితే చేప ఉడుకుతుంది.

పాత ట్యాంకులో ఏ నీళ్లు వాడారో కొత్తదాంట్లోనూ అవే వాడండి. ఈ అవకాశంతో బోరు మానేసి నల్లాకు మారుద్దామని అనిపిస్తుంది. రెండు మార్పులు ఒకేసారి వద్దు.

మూడు నాలుగు వారాల ముందు

కొత్త ట్యాంకుకు గంటకు 800 నుంచి 1000 లీటర్లు తోడే ఫిల్టర్ కావాలి. దాన్ని ఇప్పుడే కొని పాత ట్యాంకులోనే పాత ఫిల్టర్ పక్కన నడపండి. మూడు నాలుగు వారాలు నడిస్తే బ్యాక్టీరియా బాగా పడుతుంది. చోటు లేకపోతే దాని స్పాంజి, రింగులు మాత్రమైనా పాత ట్యాంకులో నీళ్లు పారే చోట పెట్టండి.

పాత నీళ్లు నెలల తరబడి మార్చకుండా, తగ్గినంత మాత్రమే పోస్తూ వచ్చారా? అయితే వాటిలో నైట్రేట్, లవణాలు బాగా పేరుకుని ఉంటాయి, పీహెచ్ పడిపోయి ఉంటుంది. చేప మెల్లగా దానికి అలవాటు పడింది. ఒక్కసారిగా శుభ్రమైన నీళ్లలో వేస్తే శరీరంలోని లవణాల తూకం చెడి ఒకటి రెండు రోజుల్లో చస్తుంది. రెండు రోజులకోసారి 10 నుంచి 15 శాతం చొప్పున రెండు వారాలు నీళ్లు మార్చి, ఆ తర్వాతే కదిలించండి.

మార్చే రోజు

ముందు రోజు మేత పెట్టొద్దు. కడుపు ఖాళీగా ఉంటే బకెట్లో నీళ్లు పాడు కావు. కరెంటు పోతుందని అనుకునే పని మొదలుపెట్టండి, బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి దగ్గరుండాలి. సబ్బు, సర్ఫ్ ఎప్పుడూ తగలని బకెట్లు రెండు, మూతలతో.

కొత్త ట్యాంకులో కడిగిన గులకరాళ్లు, సగానికి పైగా సిద్ధం చేసిన నీళ్లు ముందే ఉండాలి. పాత ట్యాంకుకు హీటర్ ఉంటే స్విచ్ తీసి అరగంట ఆగాకే నీళ్లు తగ్గించండి. వేడి మీదున్న గాజు గాలి తగిలితే పగులుతుంది. పైపుతో పైనున్న తేట నీళ్లు తోడి రెండు బకెట్లు నింపి పక్కన పెట్టండి. చేపలు అందులోకే వస్తాయి.

రాళ్లు, బొమ్మలు, మొక్కలు తీసేయండి, అడుగును మాత్రం కెలకొద్దు. గులకరాళ్ల కింద కుళ్లిన మురికి కదిలితే చేపలు నిమిషాల్లో ఇబ్బంది పడతాయి. నీళ్లు నాలుగైదు అంగుళాలకు దిగాక పట్టుకోండి. ఒక వలతో తరిమితే పారిపోతాయి. ఒకటి కదలకుండా పెట్టి, రెండోదాంతో దానివైపు మెల్లగా తోలాలి. గోల్డ్ ఫిష్, ఏంజెల్ లాంటి పొడుగు రెక్కల వాటిని వలలో ఎత్తొద్దు, నీళ్లతో సహా ప్లాస్టిక్ డబ్బాలోకి తోలి ఎత్తండి. అద్దానికి అతుక్కునే సక్కర్ చేపకైతే వల అసలే వద్దు. దాని రెక్కల ముళ్లు విచ్చుకుని వలలో చిక్కుతాయి, లాగితే రెక్క ఊడి వస్తుంది. ఇప్పటికే చిక్కి ఉంటే కత్తెరతో వలనే కత్తిరించండి. కొత్త వల తక్కువకే దొరుకుతుంది.

చేపలన్నీ బకెట్లలోకి వచ్చి, మూత పడి, ఎయిర్ రాయి బుడగలు వదులుతుంటే అప్పుడు రెండు ఫిల్టర్లూ కదిలించండి. స్పాంజి ఆరకుండా పాత నీళ్లలోనే మోసి, వెంటనే కొత్త ట్యాంకులో పెట్టి స్విచ్ వేయాలి. ట్యాంకు బయట ఉండే, మూత బిగించిన క్యానిస్టర్ ఫిల్టర్ కొన్ని గంటలు ఆగిపోయి ఉంటే, లోపల ఆక్సిజన్ అయిపోయి కుళ్లు మొదలవుతుంది. దాన్ని పాత నీళ్లతో ఒకసారి జాడించాకే నడపండి. పాత గులకరాళ్లు రెండు గుప్పెళ్లు పాత నీళ్లలోనే జాడించి, ఉల్లిగడ్డల జాలి సంచిలో కట్టి ఫిల్టర్ దగ్గర పెడితే బ్యాక్టీరియాకు ఇంకాస్త బలం.

బకెట్ నీళ్ల వేడి, కొత్త ట్యాంకు నీళ్ల వేడి రెండు డిగ్రీల లోపు తేడాలోకి రావాలి. సన్నని ఎయిర్ ట్యూబుకు వదులుగా ముడివేసి, కొత్త నీళ్లు క్షణానికి రెండు మూడు చుక్కలు బకెట్లోకి పడేలా చేయండి. బకెట్లో నీళ్లు రెండింతలయ్యేదాకా వదలండి. బకెట్ పెద్దదైతే ధార కాస్త పెంచి గంటలో అయ్యేలా చూసుకోండి. తర్వాత చేపను ఎత్తి వేయండి, బకెట్ నీళ్లు కుమ్మరించొద్దు. ముందు బెదురు చేపలు, కొట్లాడేవి ఆఖరికి. లైటు ఆ రోజంతా ఆర్పేయండి. కొత్త చోటు చూసి ఎగిరి దూకుతాయి కాబట్టి మూత తప్పనిసరి.

తర్వాతి నెల

మరునాడు చిటికెడు మేత, వారం దాకా మామూలులో సగం. రెండు వారాలు రోజు విడిచి రోజు అమ్మోనియా, నైట్రైట్ కొలవండి. రెండూ సున్నా ఉండాలి. ఏది కనిపించినా 25 నుంచి 30 శాతం నీళ్లు అదే రోజు మార్చండి. నైట్రైట్ ఎక్కితే లీటరుకు ఒక గ్రాము దొడ్డుప్పు మగ్గులో కరిగించి విడతలుగా పోయండి. ఉప్పులోని క్లోరైడ్ నైట్రైట్‌ను మొప్పల్లోంచి లోపలికి పోనివ్వదు. మొక్కలుంటే అందులో సగమే.

మూడు నాలుగు రోజులకు నీళ్లు పాలలా తెల్లబడితే కంగారుపడి ఫిల్టర్ కడగొద్దు, వారంలో దానంతట అదే తేటబడుతుంది. వంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు వస్తే అది బడలికతో బయటపడ్డ వైట్ స్పాట్ జబ్బు, మందు వేయాల్సిందే. పాత ఫిల్టర్‌ను కనీసం ఆరు వారాలు కొత్తదాని పక్కనే నడపండి. పెద్ద ట్యాంకు వచ్చింది కదా అని నెలలోపు కొత్త చేపలు తేవొద్దు.

టైగర్ షార్క్ పేరుతో అమ్మే పంగాస్‌కు మూడడుగుల ట్యాంకు కూడా తాత్కాలికమే, అది మూడడుగుల పైన పెరిగే చేప. దాన్నీ, పెద్దదైన సక్కర్‌నూ భద్రకాళి చెరువులోనో ఊరి కుంటలోనో వదిలేయకండి. సక్కర్ చెరువులో బతికి పిల్లలు పెట్టి జాలరుల వలలు చింపుతుంది. షాపు వాళ్లు వెనక్కి తీసుకుంటారేమో అడగండి.