హైఫాలో అరబ్బీ: ఎవరితో ఏ మాట ముందు

అరబ్బీ చదవడానికి ఇజ్రాయెల్‌లోని హైఫా వెళ్తున్నానంటే హైదరాబాదు బార్కస్‌లో హరీస్ అమ్మే చావుష్ మామ పకపకా నవ్వాడు. "అరబ్బీ కోసం యూదుల దేశం పోతవా బిడ్డా?" అన్నాడు. ఆయన ముత్తాత యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం ఫౌజులోకి వచ్చినవాడట. మామకి మాత్రం సలాం, దువా దాటి అరబ్బీ రాదు. అయినా ఆయన అడిగింది సబబే. కైరో ఉంది, అమ్మాన్ ఉంది. నాకు 2019లో సీటూ, కాస్త ఫీజు మాఫీ దొరికింది హైఫాలో. అంతకుమించి కారణం లేదు. వెళ్లేవాళ్లకి పనికొస్తుందని నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందు కాగితాల సంగతి. విద్యార్థి వీసాని ఏ/2 అంటారు. బెన్ గురియన్ విమానాశ్రయంలో ముద్ర కొట్టకుండా చిన్న చీటీ ఇస్తారు కాబట్టి పాస్‌పోర్టులో ఆనవాలు ఉండదని అందరూ చెబుతారు. అది టూరిస్టుల మాట. మన వీసా స్టిక్కరే పెద్ద ఆనవాలు. ఆ పాస్‌పోర్టుతో తర్వాత లెబనాన్ వెళ్దామంటే కుదరదు. జోర్డాన్, ఈజిప్టులతో ఆ పేచీ లేదు. అరబ్బీ ఎందుకు నేర్చుకుంటున్నావని విమానాశ్రయంలో రెండుసార్లో మూడుసార్లో అడుగుతారు. అడ్మిషన్ లెటర్ చేతిలో పెట్టుకుని, ప్రతిసారీ ఒకే జవాబు చెప్పండి. 2023 అక్టోబరులో యుద్ధం మొదలైన తర్వాత వెళ్లాలనుకునేవాళ్లు మన ఎంబసీ సూచనలు చూడకుండా టికెట్ కొనొద్దు. గది అద్దెకి తీసుకునేటప్పుడు వైఫై కన్నా ముందు మమాద్ ఉందా అని అడగండి. అంటే రాకెట్లు పడేటప్పుడు తలదాచుకోవడానికి ఇంట్లోనే ఉండే గట్టి కాంక్రీటు గది. లేదంటే దగ్గర్లో షెల్టర్ ఎక్కడుందో కనుక్కోండి.

ఇక భాష. పుస్తకాల అరబ్బీ ఫుస్‌హా, వీధిలో అరబ్బీ ఆమ్మియ్యా. ఫుస్‌హాలో కూరగాయలు అడిగితే, గ్రాంథికంలో ఆటో బేరమాడినట్టు ఉంటుంది. రెండూ కలిపి చదవండి, కానీ నోటికి మాత్రం మొదట ఆమ్మియ్యా పట్టించండి. తెలుగువాళ్లకి ఇక్కడ కొంత పెట్టుబడి ముందే ఉంది. హక్కు, వకీలు, జవాబు, తారీఖు, దుకాణం, హాజరు, అసలు, బాకీ అన్నీ అక్కడివే. దుకాణంలో ఇచ్చే చిల్లర 'ఇల్ బాఇ' అని వినపడగానే నాకు లైటు వెలిగింది: అది మన బాకీయే, పట్నంవాళ్లు 'ఖాఫ్' అక్షరాన్ని మింగేస్తారు. కాఫీ పట్నంలో అహ్వే, చాలా పల్లెల్లో కహ్వే, బెదూయిన్ల నోట గహ్వే. ఒక్క కాఫీ అడిగితే ఎదుటివాళ్లకి మీ గురువు ఏ ఊరివాడో తెలిసిపోతుంది.

ఇంకో లాభం ఒత్తులు. హమ్మాం అంటే స్నానాల గది, హమాం అంటే పావురం. గుడికీ గుడ్డికీ తేడా తెలిసిన చెవికి ఇది చిటికెలో పని. క్లాసులో ఓ కెనడా అబ్బాయి నెలరోజులు పావురం ఎక్కడుందని అడుగుతూనే ఉన్నాడు. మనకి కష్టమయ్యేది 'ఐన్' అనే అక్షరం. డాక్టరు నాలుక నొక్కి ఆ అనమన్నప్పుడు గొంతు అడుగున ఎక్కడ బిగుస్తుందో, అక్కణ్నుంచి రావాలి. నేను స్నానం చేసేటప్పుడు సాధన చేశాను. పక్కగది అమ్మాయి తలుపు కొట్టి ఒంట్లో బాగుందా అని అడిగింది.

హీబ్రూ కూడా చెవిన పడుతుంది కదా, రెండూ అక్కాచెల్లెళ్లు, అక్కడే దెబ్బ తిన్నాను. హీబ్రూలో లెహెమ్ అంటే రొట్టె. అరబ్బీలో లహ్మె అంటే మాంసం. అరబ్బుల పేట వాదీ నిస్‌నాస్ బజార్లో కిరాణా కొట్టాయన్ని "లహ్మె, లౌ సమహ్త్" అని రొట్టె అడిగాను. ఆయన నా చేతిలోని బెండకాయల సంచీ చూసి, మర్యాదగా ఎదురుగా ఉన్న కసాయి కొట్టు చూపించాడు. నేను వెళ్లి అక్కడా అడిగాను. అరకిలోనా కిలోనా అన్నాడు. అప్పటినుంచి నోటుబుక్కులో రెండు రంగులు పెట్టాను, ఏ మాట ఏ నోట విన్నానో గుర్తుకి. ఇక్కడి అరబ్బులు ట్రాఫిక్ సిగ్నల్‌ని రమ్‌జోర్ అనీ, ఏసీని మజ్గాన్ అనీ, సరేని బెసేదర్ అనీ అంటారు, మూడూ హీబ్రూయే. యూదులేమో యల్లా, సబాబా, అహ్లా అంటూ అరబ్బీ వాడేస్తారు. రంగులు లేకపోతే రేపు అమ్మాన్‌లో రమ్‌జోర్ అంటే తెల్లమొహం వేస్తారు. అక్కడ ఇషారా అనాలి. హైదరాబాదువాళ్లకి అదీ కొత్త కాదు.

అన్నిటికన్నా పెద్ద అడ్డంకి ఎదుటివాళ్ల మంచితనం. మీరు తడబడగానే ఇంగ్లీషులోకి మారిపోతారు. "ఇహ్కీ మఈ అరబీ", నాతో అరబ్బీలో మాట్లాడండి అని నవ్వుతూ అనండి. కొట్లోకి అడుగుపెట్టగానే "యాతీక్ ఇల్ ఆఫ్యే" అనండి, పనిలో ఉన్న మనిషికి ఓపిక ఉండాలని కోరడం అది. "అల్లా యాఫీకి" అని జవాబొస్తే ఇక సంభాషణ మీదే. ఎవరితో మొదలుపెట్టాలన్నది మాత్రం జాగ్రత్త. మొహం చూసి అంచనా వేయొద్దు. మొరాకో మూలాలున్న యూదుడు అరబ్బులా ఉంటాడు, అరబ్బీలో ఫోన్ మాట్లాడే సైనికుడు డ్రూజ్ (అరబ్బీ మాట్లాడే ఓ చిన్న మతవర్గం) కావచ్చు. మేముండే హదర్ పేటలో సగం కొట్లలో రష్యన్ తప్ప వినపడేది కాదు. నా పద్ధతి, హాయ్ అని ఊరుకుని ఎదుటిమాట వినడం.

మా ఫ్లాట్‌లో ముగ్గురం. నియమాలు పాటించే యూదు అమ్మాయి, గలిలయలో ఓ ఊరి నుంచి వచ్చిన అరబ్బు క్రైస్తవ అమ్మాయి, నేను. ఓసారి బస్సులో ఈ రెండో అమ్మాయితో గట్టిగా అరబ్బీ వల్లిస్తుంటే ఆమె నా మోకాలు నొక్కి హీబ్రూలో ఏదో అంది. దిగాక చెప్పింది: ఊళ్లో ఉద్రిక్తత ఉన్న రోజుల్లో బస్సులో వాళ్లమ్మ ఫోన్ చేసినా ఎత్తదట. ఆ తర్వాత ఎక్కడ మాట్లాడాలో ఆమెనే నిర్ణయించమన్నాను. మీరూ అలాగే అడగండి. తనని ఏమని పిలవాలో కూడా అడగండి. ఒకరు పాలస్తీనియన్ అంటారు, ఒకరు ఇజ్రాయెల్ అరబ్బు అంటారు, మీరు తగిలించిన పేరు ఎవరికీ నచ్చదు.

మాంసం, పాలు కలవకూడదన్నది యూదుల నియమం, కాబట్టి వంటింట్లో ఎర్ర స్టిక్కరున్న గిన్నెలు మాంసానికి, నీలం స్టిక్కరువి పాలకి. నేను ఎర్ర గిన్నెలో మజ్జిగ పులుసు కాచాను. ఇంగువ తాలింపు కూడా పెట్టాను. ఆ యూదు అమ్మాయి అరవలేదు, గిన్నె నాకిచ్చేసింది. ఇప్పుడు మా ఇంట్లో పప్పు వండేది దాంట్లోనే. ఏప్రిల్‌లో పులిసిన పిండి ముట్టని యూదుల పస్కా పండగొస్తే సూపర్‌మార్కెట్‌లో రొట్టె, పాస్తా అరలకి ప్లాస్టిక్ కప్పేశారు. ఇంట్లో గట్టుకి ఫాయిల్ పరిచారు. పోలండ్ మూలాల ఇల్లు కాబట్టి ఆ ఏడు రోజులూ ఆమెకి అన్నమూ, పప్పులూ కూడా నిషిద్ధం. నా రెండు కిలోల కందిపప్పు మూట బాల్కనీలోకి వెళ్లింది. మేమిద్దరం వాదీలో పిటా కొనుక్కుని అక్కడే తిన్నాం. ఆ నెలాఖరున ఈస్టరు. గలిలయ అమ్మాయి వాళ్లమ్మ ఖర్జూరం కూరిన బిస్కెట్లు డబ్బా నిండా పంపింది. పేరు మామూల్. "మామూలు తీసుకో" అంటే నేను పడీపడీ నవ్వాను. ఎందుకో వివరించడానికి నాకు అప్పటికి అరబ్బీ చాల్లేదు.

మే నెల బరువు. ఇజ్రాయెల్ సైనిక సంస్మరణ రోజున పొద్దున 11కి రెండు నిమిషాల సైరన్. ఒకామె హాల్లో నిలబడింది, ఒకామె గదిలో తలుపు వేసుకుంది. నేను చేతిలో చాయ్‌తో నడవాలో ఉండిపోయాను. మే 15 అరబ్బులు నక్బాని, అంటే 1948లో ఊళ్లు పోగొట్టుకోవడాన్ని, తలుచుకునే రోజు. ఈ వారాల్లో వ్యాకరణం చదువుకోండి. అడిగితే వినండి, తీర్పులు చెప్పకండి.

చివరగా, గురువుల కోసం బడి బయట వెతకండి. కర్మెలిత్ అని కొండలోపల నడిచే రైలుంది, ఆరే స్టేషన్లు, చివరిది గాన్ హా ఎమ్ పార్కు. అక్కడ బెంచీమీద తెలుగు వినపడింది. జగిత్యాల అన్న, చక్రాల కుర్చీలో ఓ ముసలాయన్ని చూసుకుంటున్నాడు. "మా తాత రాత్రి అరబ్బీల మాట్లాడ్తడమ్మా, నాకేమో హీబ్రూనే వస్తది" అన్నాడు. తాత బాగ్దాద్ యూదుడు, 1951లో వచ్చాడు. నేను "కీఫక్" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ష్లోనక్ అనాలి" అని దిద్దాడు. బాగున్నారా అని మగవాళ్లని బాగ్దాద్‌లో అలా అడుగుతారట. ఆ తర్వాత ప్రతి గురువారం నాలుగింటికి వెళ్లేదాన్ని. మూడో రంగు పెన్ను కొనాల్సి వచ్చింది.