పాస్‌పోర్టు గడువు దగ్గరపడితే థాయ్ ఎక్స్‌టెన్షన్: నా అనుభవం

మా ఆవిడది థాయ్‌లాండే. ఏటా పెళ్లి మీద ఎక్స్‌టెన్షన్, అంటే అక్కడ ఇంకో ఏడాది ఉండే అనుమతి, తీసుకుంటాను. ఈసారి పాస్‌పోర్టుకి ఐదు నెలలే మిగిలాయి. అలాగే వెళ్తే ఏడాదికి స్టాంపు వేయరు, పాస్‌పోర్టు గడువు దాకానే. 1,900 బాత్ ఫీజు మాత్రం మామూలే. అందుకే ముందు రెన్యువల్‌కి ఇచ్చాను. పాతది మూల కత్తిరించి ఇచ్చారు. చూడగానే గుండె గుభేల్‌మంది గానీ, వీసా పేజీ చెక్కుచెదరలేదు. రెండూ పట్టుకెళ్లి, ఇమ్మిగ్రేషన్‌లో పాత స్టాంపులు కొత్తదాంట్లోకి మార్పించుకున్నాను. ఆ తర్వాతే టీఎం 7, అంటే ఎక్స్‌టెన్షన్ దరఖాస్తు ఫారం. బ్యాంకులో 4 లక్షల బాత్ రెండు నెలలుగా కదలకుండా ఉండాలి, ఈ హడావుడిలో అందులోంచి తీశారో అంతే సంగతులు! నేను తీయలేదు, బ్యాంకులో పాస్‌పోర్టు నంబరు మార్పించడం మాత్రం మరిచి, డబ్బుందని వాళ్లిచ్చే లెటర్ కోసం మళ్లీ తిరిగాను.