గ్రూప్-4 జూనియర్ అసిస్టెంట్: దరఖాస్తు, పరీక్ష తీరు, సిలబస్

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో ఎక్కడ కూర్చున్నా పక్కవాళ్ల చేతిలో తెలంగాణ ఉద్యమ చరిత్రో, కరెంట్ అఫైర్సో కనిపిస్తుంది. గడియారం ముందు పెట్టుకుని రీజనింగ్ బిట్లు చేసేవాళ్లు మాత్రం తక్కువ. గ్రూప్-4 రాయబోయే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నేను ముందుగా చెప్పేది దీని గురించే. ఈ పరీక్షకు రెండు పేపర్లు, ఒకటి జనరల్ నాలెడ్జ్, రెండోది రీజనింగ్, లెక్కలు ఉండే సెక్రటేరియల్ ఎబిలిటీస్. రెండింటికీ చెరి 150 మార్కులు. ఇంటర్వ్యూ లేదు. జనరల్ నాలెడ్జ్ మీద ఏడాది కష్టపడి, రెండో పేపర్‌ను చివరి నెలకు వదిలేసినవాళ్లు సగం మార్కుల్ని అదృష్టానికి వదిలేసినట్టే.

తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ నుంచి 2022 డిసెంబర్ 1న వచ్చిన 19/2022 నోటిఫికేషన్‌ను ఆధారంగా తీసుకుని ఇది రాస్తున్నాను. ఆ పరీక్ష 2023 జులై 1న జరిగింది, నేనూ రాశాను. 9.5 లక్షల మందికి పైగా దరఖాస్తు చేశారు. పోస్టుల్లో ఎక్కువ భాగం జూనియర్ అసిస్టెంట్లవే. వాటితో పాటు జూనియర్ అకౌంటెంట్, జూనియర్ ఆడిటర్, వార్డ్ ఆఫీసర్ పోస్టులున్నాయి. కొత్త నోటిఫికేషన్ వచ్చినప్పుడు పోస్టుల సంఖ్య, తేదీలు, ఫీజు, వయసు లెక్క అందులో చూసుకోవాలి. ప్రిపరేషన్ మొదలుపెట్టడానికి మాత్రం పాత నోటిఫికేషన్ చాలు.

దరఖాస్తు

ముందు కమిషన్ వెబ్‌సైట్‌లో వన్ టైమ్ రిజిస్ట్రేషన్, అంటే ఓటీఆర్ చేసుకోవాలి. ఇది ఒక్కసారి చేస్తే చాలు. తర్వాత కమిషన్ ఇచ్చే ఏ నోటిఫికేషన్‌కైనా అదే ఐడీతో లాగిన్ అయి దరఖాస్తు పెట్టుకోవచ్చు. నోటిఫికేషన్ వచ్చాక కాకుండా ఇప్పుడే చేసి పెట్టుకోండి. చివరి రోజుల్లో సైట్ నెమ్మదిస్తే ఆ టెన్షన్‌లోనే తప్పులు పడతాయి. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోలో ఎలా ఉంటే అక్షరం తేడా లేకుండా అలాగే ఇవ్వాలి. ఫోన్ నంబర్ మీ సొంతది ఇవ్వండి. నెట్ సెంటర్ వాళ్ల నంబరో, స్నేహితుడి నంబరో ఇస్తే ఓటీపీ కోసం వాళ్ల చుట్టూ తిరగాలి.

ఓటీఆర్‌లో చాలామంది ఆగిపోయేది 1 నుంచి 7వ తరగతి వరకు ఏ సంవత్సరం ఏ స్కూల్లో, ఏ జిల్లాలో చదివారో చెప్పే దగ్గర. మీరు ఏ జిల్లాకు లోకల్ అనేది దీన్నిబట్టే తేలుతుంది. జిల్లా కేడర్ పోస్టుల్లో 95 శాతం స్థానికులకే. కాబట్టి ఇక్కడ జరిగే పొరపాటు మార్కుల్లో చేసే పొరపాటు కంటే పెద్దది. పుట్టిన ఊరు వేరే జిల్లాలో, చదువు హైదరాబాద్‌లో అయినవాళ్లు ఎందరో ఉన్నారు. ఇప్పుడు ఉంటున్న ఇల్లు, ఆధార్‌లోని అడ్రస్ ఇక్కడ లెక్కలోకి రావు. ఆ తరగతులు చదివిన చోటే ముఖ్యం.

మా చెల్లెలి విషయంలో ఇదే ఇబ్బంది వచ్చింది. తను మూడో తరగతి దాకా చదివిన ప్రైవేట్ స్కూల్ ఎప్పుడో మూతపడింది. బోనఫైడ్, అంటే అక్కడ చదివినట్టు ఇచ్చే సర్టిఫికెట్, ఎవరు ఇవ్వాలో తెలియక రెండు వారాలు తిరిగాం. చివరికి మూతపడిన స్కూళ్ల రికార్డులు విద్యాశాఖ ఆఫీసులో ఉంటాయని ఒక పాత టీచరమ్మ చెప్పి దారి చూపించింది. మీ స్కూల్ నడుస్తోందా లేదా అన్నది ఈ వారంలోనే కనుక్కోండి. స్కూలుకు వెళ్లకుండా ప్రైవేట్‌గా చదివినవాళ్లకు ఆ సంవత్సరాలకు తహసీల్దార్ ఇచ్చే నివాస ధ్రువీకరణ పత్రం అవసరమవుతుంది.

కుల ధ్రువీకరణ పత్రం, బీసీలకు నాన్ క్రీమీలేయర్ (సంపన్న శ్రేణి కాదని చెప్పే పత్రం), ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనకబడిన ఓసీలు) వాళ్లకు ఆ సర్టిఫికెట్ మీసేవలో దరఖాస్తు చేసి తెచ్చుకోవాలి. పెళ్లయిన ఆడపిల్లలు ఒక విషయం గట్టిగా గుర్తుంచుకోవాలి. బీసీ నాన్ క్రీమీలేయర్ తండ్రి పేరు మీదే, తండ్రి ఆదాయం లెక్కలోనే ఉండాలి. భర్త పేరు మీద తెచ్చుకుని వెరిఫికేషన్ దగ్గర ఇబ్బంది పడకూడదు.

అర్హత డిగ్రీ. గత నోటిఫికేషన్‌లో వయసు 18 నుంచి 44 ఏళ్లు. ఎస్సీ, ఎస్టీ, బీసీ, ఈడబ్ల్యూఎస్ వాళ్లకు 5 ఏళ్లు, దివ్యాంగులకు 10 ఏళ్లు సడలింపు ఇచ్చారు. అప్పుడు దరఖాస్తు ఫీజు 200 రూపాయలు, పరీక్ష ఫీజు 80. నిరుద్యోగులు ఆ 80 కట్టనక్కర్లేకపోయింది. డబ్బు కట్టాక వచ్చే పీడీఎఫ్‌ను ఫోన్‌లో ఒకటి, మెయిల్‌లో ఒకటి దాచుకోండి. పరీక్ష తెలుగు-ఇంగ్లిష్‌లో కావాలా, ఉర్దూ-ఇంగ్లిష్‌లో కావాలా అన్నదీ దరఖాస్తులోనే ఎంచుకోవాలి.

పరీక్ష తీరు

ఒకే రోజు రెండు పేపర్లు. పొద్దున 10 నుంచి 12.30 దాకా జనరల్ నాలెడ్జ్, మధ్యాహ్నం 2.30 నుంచి 5 దాకా సెక్రటేరియల్ ఎబిలిటీస్. ఒక్కో పేపర్‌కు 150 ప్రశ్నలు, 150 మార్కులు, 150 నిమిషాలు. అంటే బిట్‌కు ఒక నిమిషం, జవాబు పత్రంలో బబుల్స్ దిద్దడం కూడా అందులోనే. గత పరీక్షలో నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఒక్క బిట్ కూడా ఖాళీగా వదలకూడదు. కనీస అర్హత మార్కులు ఓసీ, ఈడబ్ల్యూఎస్‌కు 40 శాతం, బీసీలకు 35, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 30. మొత్తం 300లో చూస్తే 120, 105, 90. ఇవి దాటితే లిస్టులో ఉంటారు, అంతే. ఉద్యోగం తెచ్చేది మీ జిల్లాలో, మీ కేటగిరీలో మీ ర్యాంకు.

రెండో పేపర్

సిలబస్ ఐదు ముక్కలు. మెంటల్ ఎబిలిటీ (వెర్బల్, నాన్ వెర్బల్), లాజికల్ రీజనింగ్, కాంప్రహెన్షన్, పేరాలోని వాక్యాల్ని సరైన వరసలో పెట్టడం, న్యూమరికల్, అరిథ్‌మెటిక్ ఎబిలిటీస్. చూడ్డానికి చిన్నదే. ఒక్కో దానికి ఎన్ని బిట్లు వస్తాయో సిలబస్‌లో రాయలేదు కాబట్టి ఏదీ వదలడానికి లేదు.

నా మొదటి మాక్ టెస్ట్‌లో సీటింగ్ అరేంజ్‌మెంట్ పజిల్స్ ముందు పట్టుకున్నాను. ఒకటి తేలకపోతే పట్టుదలతో దాని మీదే కూర్చున్నాను. 45 నిమిషాలు పోయాయి. చివర్లో శాతాలు, సగటులు, నిష్పత్తులు ఉన్న 30 సులువైన బిట్లకు చూడకుండానే బబుల్స్ నింపాల్సి వచ్చింది. ఆ రోజు నుంచి మూడు విడతల పద్ధతి పెట్టుకున్నాను. మొదటి విడతలో చూడగానే చేయగలిగేవి, రెండో విడతలో కొంచెం రాసుకుని చేసేవి, మూడో విడతలో పజిల్స్. నిమిషంన్నరలో దారి దొరక్కపోతే ప్రశ్నపత్రం మీద గుర్తు పెట్టి ముందుకు వెళ్లిపోవాలి. దీనికి చేయి అలవాటు పడాలంటే కనీసం 20 పూర్తి టెస్టులు, మధ్యాహ్నం 2.30కే కూర్చుని రాయాలి. అన్నం తిన్నాక వచ్చే మగతలో మెదడు ఎలా పనిచేస్తుందో ముందే తెలియడం మంచిది.

కొన్ని నమూనాలు చూడండి. 800 రూపాయల చొక్కా మీద ముందు 25 శాతం, తర్వాత 10 శాతం తగ్గింపు ఇస్తే ధర ఎంత? కంగారులో 35 శాతం తీసేసి 520 అంటారు. ముందు 600, ఆ 600లో పది శాతం పోగా 540. ఆప్షన్లలో 520 తప్పకుండా ఉంటుంది, పేపర్ తయారుచేసేవాళ్లకు మన తొందర తెలుసు.

2023 జులై 1 శనివారం, 100 రోజుల తర్వాత ఏ వారం? 100ను 7తో భాగిస్తే శేషం 2, శనివారం నుంచి రెండు రోజులు, సోమవారం. క్యాలెండర్ బిట్లన్నీ శేషం లెక్కలే, ఒక సాయంత్రం కూర్చుంటే వచ్చేస్తాయి.

వాక్యాల వరసకు ఒకటి:
అ. వాటితో మీసేవకు వెళ్లి దరఖాస్తు ఇచ్చింది.
ఆ. లక్ష్మికి కుల ధ్రువీకరణ పత్రం అవసరమైంది.
ఇ. కొన్నాళ్లకు పత్రం చేతికొచ్చింది.
ఈ. ఆధార్, పాత పత్రం జిరాక్సులు తీసి పెట్టుకుంది.

"వాటితో" అంటే వేటితో? జిరాక్సులతో. కాబట్టి "అ"కు ముందు "ఈ" ఉండి తీరాలి. మనిషి పేరు మొదట వచ్చేది "ఆ"లో. వరస ఆ, ఈ, అ, ఇ. అది, వాటితో, అందుకే, అయితే లాంటి మాటల్ని పట్టుకుంటే కథంతా అర్థం కాకపోయినా వరస దొరుకుతుంది. కాంప్రహెన్షన్‌లో ప్రశ్నలు ముందు చదివి తర్వాత పేరా చదవండి. జవాబు పేరాలో ఉన్నదే కావాలి, మనకు బయట తెలిసిన నిజం కాదు. జీకే బాగా చదివినవాళ్లు ఇక్కడే పొరపడతారు. తెలుగు అనువాదం తికమకగా అనిపిస్తే పక్కనే ఉన్న ఇంగ్లిష్ వాక్యం చూడండి.

మొదటి పేపర్

కరెంట్ అఫైర్స్, అంతర్జాతీయ సంబంధాలు, నిత్యజీవితంలో సైన్స్, పర్యావరణం, విపత్తు నిర్వహణ, భారత, తెలంగాణ భూగోళం, ఆర్థిక వ్యవస్థ, రాజ్యాంగం, రాజకీయ వ్యవస్థ, జాతీయోద్యమం, తెలంగాణ చరిత్ర, ఉద్యమం, సమాజం, సంస్కృతి, సాహిత్యం, రాష్ట్ర ప్రభుత్వ విధానాలు. సైన్స్, పర్యావరణానికి స్కూల్ పుస్తకాలు సరిపోతాయి. తెలంగాణ ఆర్థిక వ్యవస్థకు బడ్జెట్‌తో పాటు ప్రభుత్వం విడుదల చేసే సామాజిక ఆర్థిక నివేదిక ఉచితంగా దొరుకుతుంది. చరిత్ర, సంస్కృతికి హిమాయత్‌నగర్ తెలుగు అకాడమీ పుస్తకాలు, పాతవి కావాలంటే ఆదివారం అబిడ్స్. ఒక సబ్జెక్టుకు ఒక పుస్తకం పెట్టుకుని నాలుగుసార్లు చదవండి. నాలుగు పుస్తకాలు కొని ఒక్కోటి సగం చదివితే ఏదీ నిలవదు.

ఉద్యమ చరిత్రను తేదీల పట్టికలా బట్టీ పట్టకండి. ఓటీఆర్‌లో మిమ్మల్ని అడిగిన ఆ ఏడు తరగతుల ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో వెతుక్కుంటూ వెళ్లండి. స్థానికుల ఉద్యోగాలు స్థానికులకే అన్న ముల్కీ పోరాటం, 1952 సెప్టెంబర్‌లో సిటీ కాలేజీ దగ్గర కాల్పులు, 1956 ఫిబ్రవరి 20 పెద్దమనుషుల ఒప్పందం, 1969 ఉద్యమం, 1973లో ఆరు సూత్రాల పథకం, 32వ రాజ్యాంగ సవరణతో 371డి అధికరణ, 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు, వాటి ఉల్లంఘనల్ని సరిదిద్దాలంటూ 1985 డిసెంబర్ 30న 610 జీవో, రాష్ట్రం వచ్చాక 2018లో, ఉద్యోగాల కోసం జిల్లాల్ని జోన్లు, మల్టీజోన్లుగా కలిపిన కొత్త రాష్ట్రపతి ఉత్తర్వులు. హైదరాబాద్ జిల్లా చార్మినార్ జోన్‌లో, రెండో మల్టీజోన్‌లో ఎందుకుందో అక్కడ తెలుస్తుంది. మీ దరఖాస్తులో ఒక గడి వెనక ఇంతమంది పోరాటం ఉందని తెలిశాక ఆ తేదీలు మరిచిపోలేరు. నాకు ఆ చాప్టర్ అలాగే వచ్చింది.

పరీక్ష రోజు

సెంటర్‌ను ముందు రోజే వెళ్లి చూసి రండి. ఒకే పేరుతో స్కూల్, కాలేజీ, వాటి బ్రాంచీలు నగరంలో చాలా ఉన్నాయి. గతసారి గేట్లు 9.45కు, మధ్యాహ్నం 2.15కు మూసేశారు. బూట్లు వద్దు, చెప్పులే వేసుకోవాలి. హాల్‌టికెట్, ఫొటో ఉన్న ఒరిజినల్ గుర్తింపు కార్డు, నీలం లేదా నలుపు బాల్ పాయింట్ పెన్ను తీసుకెళ్లాలి. జెల్ పెన్ను, పెన్సిల్, వైట్‌నర్ పనికిరావు.

ఓఎంఆర్ షీట్ (బబుల్స్ దిద్దే జవాబు పత్రం) మీద హాల్‌టికెట్ నంబర్, ప్రశ్నపత్రం నంబర్ దగ్గర అంకెలు రాయడమే కాదు, కింద బబుల్స్ కూడా సరిగ్గా దిద్దాలి. అక్కడ తప్పు పడితే షీట్‌నే పక్కన పెట్టేస్తారు. సంతకం చేశారా, ఇన్విజిలేటర్ సంతకం పడిందా అన్నది లేచే ముందు చూసుకోండి. జవాబులన్నీ పేపర్ మీద టిక్ పెట్టి చివర్లో ఒకేసారి దిద్దుదాం అనుకోవద్దు. పది బిట్లకోసారి దిద్దుకుంటూ వస్తే వరస తప్పదు.

ఆ తర్వాత

ప్రాథమిక కీ వచ్చినప్పుడు తప్పు కనిపిస్తే గడువులోపు ఆధారంతో ఆన్‌లైన్‌లో అభ్యంతరం చెప్పొచ్చు. ర్యాంకుల తర్వాత వెబ్ ఆప్షన్లు, సర్టిఫికెట్ల వెరిఫికేషన్. పరీక్ష 2023 జులైలో అయితే వెరిఫికేషన్ 2024 జూన్ 20న నాంపల్లిలోని కమిషన్ ఆఫీసులో, పబ్లిక్ గార్డెన్స్ పక్కన తెలుగు యూనివర్సిటీలో మొదలైంది. మధ్యలో దాదాపు ఏడాది. అప్పటికి ఇల్లు మారి ఉండొచ్చు, పెళ్లయి ఉండొచ్చు. అందుకే పదో తరగతి మెమో, డిగ్రీ పట్టా, 1 నుంచి 7 దాకా బోనఫైడ్లు, కులం, నాన్ క్రీమీలేయర్ లేదా ఈడబ్ల్యూఎస్ పత్రాలు, దరఖాస్తు పీడీఎఫ్ ప్రింటు, హాల్‌టికెట్ ఒకే ఫైల్‌లో పెట్టి, రెండు జతల జిరాక్సులతో ఇంట్లో అమ్మకు అప్పగించండి.